గ్యారేజ్‌ని అమ్మానాన్నల కోసం గదిగా మార్చాలి, పర్మిట్ సంగతి చెప్పండి (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

#1 కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. మాది ఫ్రీమాంట్‌లో రెండంతస్తుల ఇల్లు. పడకగదులన్నీ పైనే. కింద హాలు, వంటిల్లు, షవర్ లేని చిన్న బాత్రూమ్ మాత్రమే ఉన్నాయి. ఇంటికి ఆనుకుని రెండు కార్ల గ్యారేజ్ ఉంది, దాదాపు 20 బై 20 అడుగులు. నాన్నగారికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది, మెట్లెక్కలేరు. వచ్చే ఏడాది అమ్మా నాన్నా వచ్చి ఆర్నెల్లు ఉంటారు. గ్యారేజ్‌లో కార్లు ఎలాగూ పెట్టడం లేదు, బియ్యం బస్తాలూ అట్టపెట్టెలూ తప్ప. దాన్ని గది, బాత్రూమ్‌గా మారుద్దామని ఆలోచన.

తెలిసినవాళ్ళు చెప్పిన ఒక కాంట్రాక్టర్ వచ్చి చూశాడు. "సిటీకి వెళ్తే లేనిపోని తలనొప్పి. గ్యారేజ్ డోర్ అలాగే ఉంచి లోపల గోడ కట్టేద్దాం, బయటికి ఎవరికీ తెలీదు, 45 వేల డాలర్లలో అయిపోతుంది" అంటున్నాడు. మా ఆవిడ ససేమిరా అంటోంది. ఎవరైనా పర్మిట్ తీసుకుని చేయించారా? ఎంత టైం పట్టింది, ఎంతయింది?

#2 కాకినాడ_కాజా

మీ ఆవిడ మాట వినండి సార్. డోర్ వెనక గోడ కట్టడం ఇక్కడ చాలామంది చేసేదే, కాదనను. కానీ ఆ గదికి కిటికీ ఎక్కడ? రాత్రి మంటలొస్తే మోకాలు ఆపరేషన్ అయిన మనిషి ఎటు నుంచి బయటికి వస్తారు?

#3 పర్మిట్_పంతులు

నేను శాన్‌హోసే వైపు ఇళ్ళ ప్లాన్లు గీసి సిటీల్లో సబ్మిట్ చేసే పని చేస్తాను. కాబట్టి కాస్త వివరంగా రాస్తా, ఓపిక ఉంటే చదవండి.

మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, గ్యారేజ్‌ని మామూలు గదిగా మార్చడం, అంటే మీ ఇంట్లోనే ఇంకో బెడ్‌రూమ్. రెండోది జూనియర్ ఏడీయూ, జేఏడీయూ అంటారు (ఏడీయూ అంటే ఉన్న ఇంటి స్థలంలోనే ఉండే రెండో చిన్న ఇల్లు). ఇది 500 చదరపు అడుగులు మించకూడదు, ఇంటి గోడల లోపలే ఉండాలి. ఇంటికి ఆనుకున్న గ్యారేజ్ కూడా ఇంటి లోపలిదే అని లెక్క. మూడోది పూర్తి ఏడీయూ: సొంత వంటగది, సొంత బాత్రూమ్, బయటి నుంచి సొంత ద్వారం.

అందరూ మొదటిదే తేలిక అనుకుంటారు. ఒక్క గదే కదా, ఇంకో ఇల్లు కాదు కదా అని. కాలిఫోర్నియాలో లెక్క తిరగబడి ఉంటుంది. మామూలు గదిగా మారుస్తానంటే సిటీ తన జోనింగ్ పుస్తకం తీస్తుంది. "ఈ ఇంటికి ఇన్ని కార్లకు కప్పు కింద పార్కింగ్ ఉండాలి, గ్యారేజ్ తీసేస్తే అది ఎక్కడ కడతావు?" అని అడిగే హక్కు దానికి ఉంది. చాలా దరఖాస్తులు అక్కడే ఆగిపోతాయి. అదే ఏడీయూగా పెడితే ఆ ప్రశ్నే అడగకూడదు. 2019లో ఏబీ 68, ఏబీ 881, ఎస్‌బీ 13 అని మూడు చట్టాలు చేశారు, 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. గ్యారేజ్‌ని ఏడీయూగా మారిస్తే దాని బదులు ఇంకో పార్కింగ్ చూపించమని సిటీ అడగడానికి వీల్లేదు. ఉన్న గోడల లోపలే మారుస్తుంటే సరిహద్దు నుంచి ఇన్ని అడుగులు వదలాలన్న నియమమూ వర్తించదు. 750 చదరపు అడుగుల లోపు ఏడీయూకి ఇంపాక్ట్ ఫీజు (కొత్త ఇంటి వల్ల ఊరి సౌకర్యాల మీద పడే భారానికి వేసే రుసుము) లేదు. పూర్తి దరఖాస్తు అందాక 60 రోజుల్లో తేల్చాలి. పొరుగువాళ్ళని పిలిచి అభిప్రాయం అడగడం, హియరింగ్ పెట్టడం ఉండవు. రూల్ ప్రకారం ఉంటే ఇవ్వాల్సిందే.

జేఏడీయూకి అదనపు పార్కింగ్ అడగకూడదని ఉంది. కానీ పోయిన గ్యారేజ్ స్థలం బదులు చూపించమని అడగకూడదన్న రక్షణ ఏడీయూకి ఉన్నంత స్పష్టంగా లేదు, కొన్ని సిటీలు అడుగుతాయి. అందుకని మీకు నా సలహా పూర్తి ఏడీయూ. ప్లానింగ్ కౌంటర్‌లో అడిగేటప్పుడు "గది" అనకండి, ఏడీయూ కన్వర్షన్ అనే చెప్పండి. ఏ పేరు చెబితే ఆ ఫారమే చేతిలో పెడతారు.

#4 కృష్ణాతీరం

పంతులు గారూ, చాలా థాంక్స్. కానీ మాకు వంటిల్లు అక్కర్లేదు, అమ్మ ఎలాగూ మా వంటింట్లోనే ఉంటుంది. అక్కర్లేని వంటిల్లు కట్టి డబ్బు తగలేయాలా? పైగా లోపలి నుంచి తలుపు కావాలి. అర్ధరాత్రి నాన్నకి ఏదైనా అవసరం వస్తే నేను బయట తిరిగి వెళ్ళాలంటే ఎలా?

#5 పర్మిట్_పంతులు

వంటిల్లంటే గ్రానైట్ ప్లాట్‌ఫారం, ఆరు బర్నర్ల స్టవ్ కానక్కర్లేదండీ. సింక్, చిన్న కౌంటర్, ఇండక్షన్ స్టవ్, ఫ్రిజ్, నాలుగు కబోర్డులు. ఒక గోడకి సరిపోతుంది. మీ అమ్మగారికి పొద్దున్నే కాఫీ పెట్టుకోవడానికి పనికొస్తుంది, నమ్మండి.

లోపలి తలుపు మంచి ప్రశ్న. ఏడీయూ అంటే వేరే ఇల్లు కింద లెక్క. కాబట్టి మధ్య గోడ గంటసేపు మంటను ఆపేలా ఉండాలంటారు, దానిలో తలుపు పెడితే అదీ ఆ రకందే, దానంతట అదే మూసుకునేది అయ్యుండాలి. చాలా సిటీలు ఒప్పుకుంటాయి, ముందే ప్లాన్‌లో చూపించండి. జేఏడీయూకి ఈ గొడవ తక్కువ, అగ్నిమాపక నియమాల దృష్టిలో అది వేరే ఇల్లు కాదు. దానికి బాత్రూమ్ సొంతంగా లేకుండా మీ ఇంటిదే వాడుకునే పద్ధతైతే లోపలి తలుపు తప్పనిసరి, యజమాని ఆ ఇంట్లోనే ఉండాలి, ఆ షరతు డీడ్‌లో రిజిస్టర్ చేయించాలి.

పోయిన పార్కింగ్‌కి బదులు అడగబోమని ఫ్రీమాంట్ వాళ్ళు జేఏడీయూకి కూడా రాసిచ్చారంటే అప్పుడు జేఏడీయూనే తీసుకోండి. ఒక ఈమెయిల్ పెడితే తేలిపోతుంది. నోటిమాట మీద వెళ్ళొద్దు.

#6 శాన్‌హోసే_సత్తి

మాది తిరకాసు కేసు. ఇల్లు కొనేటప్పుడే గ్యారేజ్ గదైపోయి ఉంది, పాత ఓనరు పర్మిట్ లేకుండా కట్టించాడు. లిస్టింగ్‌లో "బోనస్ రూమ్" అని అందంగా రాశారు. ఇంటి విలువ కట్టడానికి బ్యాంకు తరఫున వచ్చిన అప్రైజర్ ఆ గదిని చదరపు అడుగుల్లో కలపలేదు. మేం మాత్రం ధరలో దానికీ డబ్బులు కట్టాం.

రెండేళ్ళ తర్వాత ఎవరో కంప్లైంట్ ఇస్తే సిటీ కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ (రూల్స్ అమలు చూసే విభాగం) నుంచి నోటీసు వచ్చింది. కూల్చేయమంటారేమోనని మా ఇంట్లో ఒకటే టెన్షన్. కానీ ఏబీ 2533 అని ఒకటుంది, 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. 2020 జనవరి 1కి ముందు పర్మిట్ లేకుండా కట్టిన ఏడీయూలకి పనికొస్తుంది. ఇప్పటి కోడ్‌కి అచ్చంగా సరిపోలేదన్న కారణంతో పర్మిట్ నిరాకరించకూడదు. మనిషి ప్రాణానికి, ఆరోగ్యానికి ముప్పు తెచ్చే లోపాలు మాత్రం సరిచేయాలి. మా విషయంలో కిటికీ పెద్దది చేయడం, పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఓవర్‌లోడ్ అయిన వైరింగ్ మార్చడం. వైరింగ్ చూడ్డానికి గోడలు కొన్నిచోట్ల తెరవాల్సి వచ్చింది, అదే బాధ.

కృష్ణాతీరం గారూ, ఇది చదివి "ఇప్పుడు కట్టేసి తర్వాత రెగ్యులరైజ్ చేసుకోవచ్చు" అనుకోకండి. ఆ తేదీ దాటి కట్టినవాటికి ఇది వర్తించదు.

#7 ఫ్రిస్కో_బుల్లోడు

మా టెక్సస్‌లో ఈ ఏబీలు ఎస్‌బీలు ఏమీ లేవు బ్రో. ఒక్కో సిటీది ఒక్కో రూలు, దానిపైన హెచ్‌ఓఏ, అదే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం. మా కమ్యూనిటీ డీడ్ కాగితాల్లో గ్యారేజ్‌ని కార్లకే వాడాలని రాసి ఉంది, సిటీ సరేనన్నా వీళ్ళు ఒప్పుకోరు. చివరికి కింద ఉన్న స్టడీ రూమ్‌కి తలుపు పెట్టించి, పక్కన షవర్ కలిపాం. కాలిఫోర్నియాలో హెచ్‌ఓఏ అడ్డుపడదా?

#8 పర్మిట్_పంతులు

2019 చట్టం ఒకటి ఉంది, ఏబీ 670. సింగిల్ ఫ్యామిలీ ఇళ్ళలో ఏడీయూ కట్టకూడదని హెచ్‌ఓఏ రాసుకున్న నిబంధన చెల్లదు. రంగు, రూపం విషయంలో ఓ మాదిరి షరతులు పెట్టొచ్చు, అంతే.

#9 మియాపూర్_మామ

మాకు హైదరాబాద్‌లో ఇండిపెండెంట్ ఇల్లు, స్టిల్ట్ కింద రెండు గదులు వేసి అద్దెకిద్దామని ఉంది. ఇదే పద్ధతి పనికొస్తుందా?

#10 మోడరేటర్

మామ గారూ, పనికిరాదు. తెలంగాణలో స్టిల్ట్‌ని పార్కింగ్ కోసమనే అనుమతిస్తారు.  దాంట్లో అద్దె గదులు వేస్తే ప్లాన్‌కి విరుద్ధమే. దీని మీద మాట్లాడాలంటే హైదరాబాద్ విభాగంలో కొత్త చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కాలిఫోర్నియా సంగతే కానిద్దాం.

#11 సుజాత_యూనియన్‌సిటీ

మేం పర్మిట్‌తో చేయించాం, పోయినేడు పూర్తయింది. గ్యారేజ్ మీది అంతే ఉంటుంది. ప్లాన్లు, ఫీజులు, కట్టుబడి అన్నీ కలిపి లక్షా నలభై వేల డాలర్ల దగ్గర తేలింది. మీ కాంట్రాక్టర్ చెప్పిన 45 వేలలో బాత్రూమ్ డ్రైనేజీ ఉందో లేదో ఒకసారి అడగండి, లేదనే నా అనుమానం. పర్మిట్ ఫీజు మాకు మొత్తంలో చిన్న ముక్క. డబ్బు పోయేది నేల కింద, గోడల్లో.

ముందు గచ్చు. గ్యారేజ్ గచ్చు తలుపు వైపు వాలుగా పోస్తారు, నీళ్ళు బయటికి పోవాలని. పైగా ఇంటి లెవెల్ కంటే కిందకి ఉంటుంది. మాకు దాదాపు ఏడంగుళాల తేడా. పాత ఇళ్ళలో గచ్చు కింద తేమ ఆపే ప్లాస్టిక్ షీట్ ఉండకపోవచ్చు. అలా ఉన్నదాని మీదే ఫ్లోరింగ్ వేస్తే వానాకాలంలో చెమ్మ పైకొస్తుంది. మేం తేమ తగలకుండా పొర వేసి, ట్రీటెడ్ చెక్క దూలాలు పరిచి, మధ్యలో ఇన్సులేషన్ పెట్టి, నేలని ఇంటి లెవెల్‌కి లేపాం. మీ నాన్నగారికైతే ఇదే చేయండి, గడప దగ్గర మెట్టు ఉండదు. కాకపోతే కప్పు ఎత్తు ముందు కొలుచుకోండి. పూర్తయ్యాక నేల నుంచి కప్పుకి 7 అడుగులు ఉండి తీరాలి.

గ్యారేజ్ డోర్ తీసేసిన చోట ఊరికే చెక్క గోడ నిలబెడతామంటే కుదరదు. అక్కడ పునాది ఉండదు. చిన్న కాంక్రీట్ గట్టు పోసి, దాన్ని పాత పునాదికి ఇనుప చువ్వలతో కలిపి, దాని మీద గోడ లేపాలి. మీకు గ్యారేజ్ పైన పడకగది ఉందా? ఉంటే డోర్ మీదున్న పెద్ద దూలం పై అంతస్తుని మోస్తుంటుంది. ఇంజనీర్ చూడకుండా దాని జోలికి ఎవర్నీ పోనివ్వకండి.

ఇక డ్రైనేజీ. టాయిలెట్ పైపుకి అడుగుకి పావు అంగుళం వాలు ఉండాలి. మీ మెయిన్ లైను ఇంటికి ఏ పక్క ఉంది, ఎంత లోతులో ఉంది అన్నదే మీ బాత్రూమ్ ఎక్కడ పెట్టాలో చెబుతుంది, మీ ఇష్టం కాదు. మేం ముందే కెమెరా పెట్టి లైను చూపించుకున్నాం. పాత మట్టి పైపులో చెట్టు వేళ్ళు దూరి ఉన్నాయి, అది మార్చక తప్పలేదు. ఇంకోటి, మన వైపు మురుగు చూసేది సిటీ కాదు, యూనియన్ శానిటరీ డిస్ట్రిక్ట్. నీళ్ళు అలమేడా కౌంటీ వాటర్ డిస్ట్రిక్ట్. వాళ్ళ దగ్గరికి వేరేగా వెళ్ళాలి.

వాటర్ హీటర్ మీకూ గ్యారేజ్‌లోనే ఉందనుకుంటా. గ్యాస్ హీటర్‌ని పడకగదిలో ఉంచనివ్వరు. బయటి గోడకి అల్మరాలాంటిది కట్టి మార్చొచ్చు, లేదంటే కరెంటుతో నడిచే హీట్ పంప్ హీటర్ పెట్టుకోవచ్చు. మేం రెండోది చేశాం. అప్పుడు తెలిసింది మా 100 ఆంప్స్ కరెంటు ప్యానెల్ చాలదని. హీటర్, మినీ స్ప్లిట్ ఏసీ, ఇండక్షన్, కారు చార్జరు అన్నీ కలిపి లెక్కేస్తే 200 ఆంప్స్‌కి పెంచాల్సి వచ్చింది. కట్టుబడి అంతా అయిపోయి కరెంటు కంపెనీ తేదీ కోసం నెలల తరబడి కూర్చున్నాం. ప్లాన్ గీయించిన వారమే ఆ దరఖాస్తు పెట్టండి.

#12 కాకినాడ_కాజా

లక్షా నలభైకి మా ఊళ్ళో డూప్లెక్స్ వచ్చేది.

#13 సుజాత_యూనియన్‌సిటీ

వస్తుంది, కానీ మా అత్తగారు అక్కడుంటే నేనిక్కడ పిల్లల్ని డేకేర్‌లో వేయాలి. ఆ లెక్కా చూడండి.

#14 తెనాలి_తమ్ముడు

వాస్తు సంగతి ఎవరూ మాట్లాడరేం? ఈశాన్యంలో టాయిలెట్ వస్తే ఎలా? మా బావగారు దీని వల్లే ప్లాన్ మానేశారు.

#15 పర్మిట్_పంతులు

పట్టింపు ఉంటే మొదటి రోజే డిజైనర్‌కి చెప్పండి, ప్లాన్ అప్రూవ్ అయ్యాక కాదు. నా క్లయింట్లలో సగం మంది అడుగుతారు. చాలా గ్యారేజ్‌లలో కిచెన్‌నీ బాత్రూమ్‌నీ అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది. మురుగు లైను రెండో పక్క ఉంటే మాత్రం వాస్తుకి విడిగా కొన్ని వేల డాలర్లు పక్కన పెట్టుకోవాలి.

కిటికీ దగ్గర మాత్రం రాజీ లేదు. పడుకునే గదిలో తప్పించుకునే కిటికీ ఉండాలి. తెరిస్తే కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఖాళీ రావాలి. రెండూ కనీసమే పెడితే చాలదు, మొత్తం ఖాళీ 5.7 చదరపు అడుగులుండాలి, నేల అంతస్తులో 5 చాలు. కిటికీ అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. ఈ కొలత లేపిన నేల నుంచే తీస్తారు. పక్కింటి సరిహద్దుకి 3 అడుగుల లోపున్న గోడలో అసలు కిటికీ పెట్టనివ్వరు. కాబట్టి గ్యారేజ్ డోర్ ఉన్న ముందు గోడే మీకు బంగారం. దాన్ని అలాగే ఉంచి వెనకాల గోడ కట్టమన్న మనిషి ఉన్న ఒక్క మంచి కిటికీ చోటునీ మూసేయమంటున్నాడు.

#16 శాన్‌హోసే_సత్తి

కాంట్రాక్టర్ గురించి ఒక మాట. లైసెన్స్ నంబరు అడిగి కాంట్రాక్టర్ల స్టేట్ బోర్డు సైట్‌లో చెక్ చేయండి, వర్కర్స్ కాంప్ ఇన్సూరెన్స్ (పనివాళ్ళకి దెబ్బ తగిలితే ఆదుకునేది) ఉందో లేదో కూడా అక్కడే కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో ఇంటి పనికి అడ్వాన్స్ 10 శాతం లేదా వెయ్యి డాలర్లు, ఏది తక్కువైతే అదే తీసుకోవాలి. "మెటీరియల్ కొనాలి, 20 వేలు ఇవ్వండి" అంటే చట్టం దాటుతున్నట్టే. మనవాడే కదా, మన గుడి దగ్గర కలుస్తాడు కదా అని ఇచ్చేసేవాళ్ళని చూశాను.

ఇంకోటి లీన్, అంటే రావాల్సిన బాకీకి ఇంటి మీద హక్కు పెట్టుకోవడం. మీరు కాంట్రాక్టర్‌కి పూర్తిగా కట్టినా అతను ప్లంబర్‌కి ఇవ్వకపోతే, ఆ ప్లంబర్ మీ ఇంటి మీద లీన్ వేయొచ్చు. ప్రతి చెక్కు ఇచ్చేముందు అతని కింద పనిచేసినవాళ్ళ నుంచి డబ్బు ముట్టిందనే రిలీజ్ కాగితాలు తీసుకోండి.

#17 ఫ్రిస్కో_బుల్లోడు

ప్రాపర్టీ టాక్స్ పెరగదా? మాకైతే ఇల్లు కదిలిస్తే చాలు, ఏటా వచ్చే నోటీసు చూస్తే గుండె గుభేలు.

#18 పర్మిట్_పంతులు

ఇక్కడ 1978 నాటి ప్రాప్ 13 ఉంది, ఆస్తి పన్ను పెరగకుండా పట్టి ఉంచే చట్టం. పాత ఇంటి మదింపు అలాగే ఉంటుంది, కొత్తగా చేర్చిన పని విలువకే పన్ను కలుస్తుంది. లక్ష డాలర్ల విలువ చేర్చారంటే ఏడాదికి సుమారు 1,100, 1,200 డాలర్లు ఎక్కువ అనుకోండి. అంతకంటే ముందు ఇంటి ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పండి. పర్మిట్ లేని గదిలో మంటలు మొదలైతే క్లెయిమ్ దగ్గర ఎంత పేచీ వస్తుందో చెప్పలేం.

సోలార్ సంగతి అడగక ముందే చెబుతున్నా: ఇంటికి విడిగా కొత్తగా కట్టే ఏడీయూకి అడుగుతారు, ఉన్న గ్యారేజ్ మార్పుకి అక్కర్లేదు. మీ ఇంటికి స్ప్రింక్లర్లు అవసరం లేకపోతే ఏడీయూకీ అడగరు. రోజువారీ అద్దెలకి ఇవ్వడం మాత్రం మర్చిపోండి, 30 రోజుల పైనే ఇవ్వాలి.

#19 కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. సిటీకి ఈమెయిల్ పెట్టాను, ఏడీయూ కన్వర్షన్ అనే రాశాను. ఆ కాంట్రాక్టర్‌ని డ్రైనేజీ సంగతి అడిగితే "అది ఎక్స్‌ట్రా" అన్నాడు. సుజాత గారి అనుమానమే నిజం. అతన్ని వదిలేశాం.

డ్రైనేజీ కెమెరా వాళ్ళు శనివారం వస్తున్నారు. కప్పు ఎత్తు కొలిస్తే 8 అడుగుల 3 అంగుళాలు వచ్చింది, కాబట్టి నేల లేపొచ్చు. పైన మా పడకగదే ఉంది, అందుకని ఇంజనీర్‌ని కూడా మాట్లాడుతున్నా. బాత్రూమ్ విషయంలో నాన్నగారిని దృష్టిలో పెట్టుకుని ఏం చేయించాలో చెప్పగలరా? వాకర్‌తో నడుస్తున్నారు.

#20 సుజాత_యూనియన్‌సిటీ

నేల లేపుతున్నారు కాబట్టి షవర్‌కి గట్టు లేకుండా చేయించండి. షవర్ ఉండే భాగంలో దూలాలు కాస్త కిందకి దించితే నీళ్ళు పోయే వాలు అక్కడే వచ్చేస్తుంది. ఫ్లోరింగ్ పడ్డాక ఇది కుదరదు. తలుపు తెరిస్తే కనీసం 32 అంగుళాలు ఖాళీ రావాలి, మామూలు 28, 30 అంగుళాల తలుపులతో వాకర్‌కి ఇరుకవుతుంది. 36 అంగుళాల తలుపు పెట్టమనండి.

గోడలకి డ్రైవాల్ (జిప్సం షీట్లు) మూసేముందు టాయిలెట్ పక్కన, షవర్ గోడల్లో అడ్డంగా 2 బై 8 చెక్కలు బిగించమనండి, తర్వాత పట్టుకునే కడ్డీ ఎక్కడ కావాలంటే అక్కడ గట్టిగా దిగుతుంది. ఖర్చు నామమాత్రం. ఏ చెక్క నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి ఫోటోలు తీసి పెట్టుకోండి. ఇన్సులేషన్ ఇన్‌స్పెక్షన్ అవకుండా డ్రైవాల్ వేస్తే మళ్ళీ ఊడదీయమంటారు, కాబట్టి ఇన్‌స్పెక్టర్ సంతకం కార్డు మీద పడ్డాకే షీట్లు దింపించండి.

#21 పర్మిట్_పంతులు

హ్యాండ్ షవర్, కూర్చునే బల్ల కూడా ప్లాన్‌లోనే చూపించండి. సిటీ నుంచి జవాబు రాగానే ఇక్కడ పెట్టండి, జేఏడీయూకి పార్కింగ్ గురించి ఫ్రీమాంట్ ఏమంటుందో ఇంకొంతమందికి పనికొస్తుంది.